వెళ్లడానికి ఏడు గంటలు, రావడానికి రెండేనా?

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల వాడి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తున్నాను, విమానం ఎక్కడం ఇదే మొదలు. టికెట్టులో హైదరాబాద్‌లో రాత్రి 11కి బయలుదేరి మర్నాడు పొద్దున 6కి దిగుతుందని ఉంది. వచ్చేటప్పుడేమో అక్కడ రాత్రి 8కి ఎక్కితే ఇక్కడ 10కల్లా దిగిపోతానట. ఒకటే దారి కదా! టికెట్టు తప్పు పడిందేమోనని దిగులుగా ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: టికెట్టు సరిగ్గానే ఉందమ్మా. ఎక్కే వేళ ఎక్కే ఊరి గడియారం ప్రకారం, దిగే వేళ దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. వెళ్లేటప్పటి ఏడులోంచి రెండున్నర తీసెయ్యండి, వచ్చేటప్పటి రెండుకి రెండున్నర కలపండి. ఎటైనా నాలుగున్నర గంటలే. శంషాబాద్ నుంచి చాంగీ విమానాశ్రయానికి సూటిగా దాదాపు 3,300 కిలోమీటర్లు.

భారత కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మీ కాకినాడ పక్కనుంచే పోతుంది. అందుకే మీ ఊళ్లో గడియారానికీ సూర్యుడికీ పొత్తు బాగా కుదురుతుంది. సింగపూర్‌లో అలా కాదు. 1982లో మలేషియాతోపాటు వాళ్లు గడియారాన్ని అరగంట ముందుకు జరుపుకున్నారు. అక్కడ ఏడింటికి గానీ పొద్దు పొడవదు. ఆరింటికి దిగి బయట చీకటి చూసి కంగారుపడకండి. మీ ఒంటికి మాత్రం అది తెల్లవారుజాము మూడున్నర. ఆ రోజు ఊరు చూసే పనేమీ పెట్టుకోకుండా పడుకోండి. రోజూ వేసుకునే మందులుంటే అక్కడ ఏ వేళకి వేసుకోవాలో డాక్టరుగారిని ముందే అడిగి, మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

మీకు ఈ ఇబ్బంది లేదు గానీ, అర్ధరాత్రి దాటాక విమానం ఉన్నవాళ్లు తేదీ జాగ్రత్తగా చూసుకోవాలి. 11వ తేదీ 12.30కి విమానమంటే 10వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ప్రశ్న: జనవరిలో ఢిల్లీ నుంచి టోక్యో వెళ్లి వస్తున్నాను. మూడున్నర గంటల తేడా లెక్కవేసినా రావడానికే రెండు గంటలు ఎక్కువ పడుతోంది. ఎందుకని?
– ఒక ఉద్యోగి, వరంగల్

జవాబు: ఈసారి కారణం గాలి. దూరం ఎటైనా దాదాపు 5,900 కిలోమీటర్లే. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. చలికాలంలో జపాన్ మీద అది ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. సింగపూర్ దారి దీనికి బాగా దక్షిణంగా ఉంది కాబట్టి అక్కడ ఇంత తేడా కనిపించదు.

ఈ గాలిని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచినవాడు వసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త. తన ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించడంతో బయటి ప్రపంచం వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఎంత గొప్ప పని మరుగున పడిపోయిందో!

ఎదురుగాలి బలంగా ఉన్న రోజు విమానం ఇంకా ఆలస్యం కావచ్చు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీ నుంచి హైదరాబాద్ విమానం విడిగా కొంటున్నట్టయితే, మధ్యలో కనీసం నాలుగైదు గంటలు వదలండి. జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి మీకు తెలిసిందే.