తలుపు పిడి, పెన్సిలు, ఇత్తడి పళ్ళెం: పేటెంటు ఎక్కడ నిలబడదు?

వెనక రబ్బరు బిగించిన పెన్సిలు మన పిల్లల సంచుల్లో ఒకటైనా ఉంటుంది. 1858లో హైమన్ లిప్‌మన్ అనే ఆయన దానికి అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ హక్కును కొనుక్కున్న రెకెండార్ఫర్, పెన్సిళ్ళ తయారీదారు ఫేబర్ మీద దావా వేశాడు. 1875లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పేటెంటే చెల్లదంది. పెన్సిలు రాస్తోంది, రబ్బరు చెరుపుతోంది. రెండింటినీ ఒకచోట చేర్చినందువల్ల కొత్తగా పుట్టిన ఫలితమేదీ లేదన్నది కోర్టు వాదన. తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, దేని పని అది చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదని మన 1970 పేటెంట్ల చట్టం కూడా సెక్షన్ 3(ఎఫ్)లో చెబుతోంది.

ఈ సంగతి మనకెందుకు? మన బస్తీల్లో లేతు మిషన్, వెల్డింగు, వడ్రంగం, కుట్టుపనితో బతికే కుటుంబాలు ఎన్నో. "మనవాడు చేసినదానికి పేటెంటు చేయిస్తే లక్షలొస్తాయి" అనే ఆశ ఒకవైపు, "ఫలానా షాపువాళ్ళకు పేటెంటు ఉందట, మనం చేస్తే కేసు పెడతారట" అనే భయం మరోవైపు. ఆశపడేవారూ భయపడేవారూ తెలుసుకోవలసినది ఒకటే.

పేటెంటుకు వస్తువు కొత్తదైతే చాలదు. కొత్తదా కాదా అన్నది మొదటి పరీక్ష మాత్రమే. గాయానికి పసుపు వాడటంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటు ఆ మొదటి పరీక్షలోనే పోయింది, మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి అభ్యంతరం చెప్పడంతో 1997లో రద్దయింది. రెండో పరీక్ష దీనికంటే గట్టిది. ఆ పని తెలిసిన మామూలు పనివాడికి అది సహజంగా తట్టేదేనా? తట్టేదైతే పేటెంటు లేదు. చట్టం దీన్నే ఇన్వెంటివ్ స్టెప్ అంటుంది.

ఈ ఆలోచనకు మూలం ఒక తలుపు పిడి. కర్రతోనో లోహంతోనో చేసే గుండ్రటి పిడిని మట్టితో, పింగాణీతో చేసి కొందరు అమెరికాలో పేటెంటు పొందారు. అది చవక, చూడటానికీ బాగుంటుంది. అయినా 1851లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మంచి సరుకును ఎంచుకోవడం నేర్పరి పనివాడి లక్షణమే తప్ప ఆవిష్కర్త లక్షణం కాదంది.

మన దేశంలో ఇలాంటి పరీక్ష ఎదురైనది మీర్జాపూర్ పాత్రల కార్ఖానాలకు. పళ్ళేలను లేతుకు ఒకవైపు, వేడికి మెత్తబడే జిగురుతోనో, చక్ పళ్ళతోనో పట్టించి, తిప్పుతూ గీకి మెరుగు పెట్టేవారు. పళ్ళెం ఒక్కోసారి ఊడి ఎగిరేది, పనివాడికి ప్రమాదం. 1951లో హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ వారు రెండోవైపు నుంచి మొనదేలిన ఇరుసుతో నొక్కిపట్టే ఏర్పాటుకు పేటెంటు కోరారు, వచ్చింది. అదే పద్ధతి వాడుతున్నారని బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థపై దావా వేశారు. వీరు ఊరుకోలేదు, ఆ పేటెంటునే రద్దు చేయమన్నారు. అలహాబాద్ హైకోర్టులో మొదట రద్దయింది, అప్పీలులో నిలిచింది, చివరికి 1978 డిసెంబరులో మన సుప్రీంకోర్టు రద్దునే ఖాయం చేసింది. రెండు కొసల మధ్య వస్తువును బిగించడం లేతు పనిలో ఎప్పటినుంచో ఉన్నదే; దాన్ని పళ్ళేనికి వాడటం వర్క్‌షాపులో జరిగే మామూలు మెరుగుదలేనని తేల్చింది. పని సులువైంది నిజమే, ప్రమాదం తగ్గింది నిజమే. ఆ ఉపయోగాన్ని ఎవరూ కాదనలేదు. కానీ ప్రతి పనివాడి చేతిలోనూ ఉన్న నైపుణ్యానికి ఒకరు కంచె వేయరాదు.

కంచె అంటే గుర్తొచ్చింది. "ఓస్, ఇంతేనా!" అని చులకన చేయడమూ తప్పే. జవాబు చూశాక ఏ లెక్కైనా తేలికే కదా. ముళ్ళ తీగ చూడండి. గ్లిడెన్‌కు ముందే అమెరికాలో కొందరు ముళ్ళ తీగలు చేశారు, కంచెకు అవి సరిగ్గా అక్కరకు రాలేదు. ఆయన తీగకు ముల్లు చుట్టి, అది జారకుండా మరో తీగను మెలిపెట్టి బిగించాడు. తేడా చిన్నదే. కానీ అందరూ ఆగిపోయినచోట ఆ చివరి అడుగు వేసింది ఆయనే కనుక, 1892లో సుప్రీంకోర్టు ఆ పేటెంటును నిలబెట్టింది. మా ఉద్దేశంలో పెన్సిలు తీర్పుకన్నా ఇదే యువకులకు ఎక్కువ పనికొస్తుంది. వస్తువు చిన్నదని వెనకాడనక్కరలేదు. దానికి ముందు ఎవరెవరు ఏమేమి ప్రయత్నించి ఎందుకు విఫలమయ్యారో రాసి పెట్టుకోవాలి.

ఇక భయపడేవారికి. దరఖాస్తు పేటెంటు ఆఫీసు జర్నల్లో ప్రచురితమయ్యాక, పేటెంటు మంజూరయ్యేలోపు ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చని సెక్షన్ 25(1) అంటోంది. ఆ దరఖాస్తుకు ముందే అచ్చయినదాన్నిబట్టి గానీ, మన దేశంలో వాడుకలో ఉన్నదాన్నిబట్టి గానీ అది పనివాడికి తట్టేదేనని చూపించాలి. పాత కేటలాగు, బిల్లు పుస్తకం, తేదీ ఉన్న ఫొటో పారేయకండి. ఆ రోజున అవే సాక్ష్యం.