మైనపు గొట్టములోని గొంతుక

బాపట్లలో 1902వ సంవత్సరమున జన్మించిన స్థానం నరసింహారావుగారు పురుషుడయ్యును సత్యభామ వేషము ధరించి ఆంధ్ర ప్రేక్షకులను అలరించిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించెను. 1971లో వారు దివంగతులైరి. వారి పాట మాత్రము గ్రామఫోను పళ్ళెములపై నిలిచియున్నది. ఆ పళ్ళెము నిమిషమునకు 78 చుట్లు తిరుగవలెను. వేగము హెచ్చినచో శ్రుతి పెరిగి కంఠము పీలగా వినబడును; తగ్గినచో సత్యభామ గొంతు బొంగురుపోవును. అప్పుడు మనము నటుని తప్పుపట్టుదుము. తప్పు యంత్రముది!

ఆ పళ్ళెములను లక్కతో, రాతిపొడితో చేసెడివారు. గట్టిదనమునకై దూది పీచును గూడ కలిపెడివారు. పత్తి పండించు మన సీమవారికిది ముచ్చటైన సంగతి. రాతిపొడి ఉక్కు ముల్లును అరగదీయును. కావుననే పాటపాటకు ముల్లు మార్చవలెనను నియమము ఏర్పడెను. పొదుపరులు మార్చెడివారు కారు; ముల్లు మిగిలెను గాని పాట అరిగిపోయెను.

పళ్ళెములకే ఇంత జాగ్రత్త కావలసియుండగా, వానికి ముందు పుట్టిన మైనపు గొట్టముల సంగతి చెప్పనేల? 1877లో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ తగరపు రేకుపై ధ్వనిని గీయించి తిరిగి పలికించెను. కొన్నియేండ్లకు తగరమునకు బదులు మైనము వచ్చెను. స్థూపాకారమైన గొట్టము చుట్టును సన్నని గాడి మరచుట్టువలె సాగును. సామాన్యముగా పళ్ళెపు గాడిలో ముల్లు ప్రక్కలకు కదలును. గొట్టపు గాడిలో పైకి, క్రిందికి కదలును. అందుచేత ఒకదాని పరికరము వేరొకదానికి పనికిరాదు. మన దేశమున కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ ఇట్టి గొట్టములను తయారుచేసి, రవీంద్రనాథ ఠాగూరు కంఠమును గూడ వానిపై నిలిపెను. వానిలో పెక్కు నశించినవి.

1902 నుండి ఎడిసన్ కంపెనీ అచ్చువేసిన గొట్టములు నిమిషమునకు 160 చుట్లు తిరుగును. అంగుళమునకు 100 గాళ్లున్న గొట్టము రెండు నిమిషములు పాడును. 1908లో వచ్చిన క్రొత్త రకములో అంగుళమునకు 200 గాళ్లు; అది నాలుగు నిమిషములు పాడును. రెండును పైకి ఒక్క తీరుగనే యుండును. కాని లావు ముల్లు సన్నని గాడిలో దిగక దాని అంచులను చెరచును. 1912లో నీలిరంగు సెల్యులాయిడు గొట్టములు వచ్చెను. అవి గట్టివి, వజ్రపు ముల్లును తట్టుకొనును. తెలియక ఆ ముల్లునే మైనముపై నుంచినచో నల్లరేగడిలో నాగటి కర్రు దిగినట్లే. పాట పొట్టై రాలిపోవును.

ముల్లునకు అంత బరువేల? ఆనాటి యంత్రమున విద్యుత్తు లేదు. గాడిలోని స్వల్పమైన కదలికయే పలుచని పొరను కంపింపజేసి బూరా నిండ శబ్దము పుట్టింపవలెను. నేడు శబ్దమును విద్యుత్తుచే పెంచుదురు గనుక మిక్కిలి తేలికైన ముల్లు చాలును. పాత గొట్టమునకు పాత యంత్రమే తగునని పలువు రనుకొందురు గాని, అపురూపమైన మైనపు గొట్టమునకు క్రొత్త యంత్రమే మేలు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు కల్లములలో మిరపకాయలను ఎండబెట్టుదురు. ఆ యెండ మైనమునకు శత్రువు. గొట్టము వంకర తిరుగును. చెమ్మ తగిలినచో బూజు పుట్టి మైనమును తినును. ఆ మచ్చలు పాటలో గరగరలై వినవచ్చును. గొట్టమును పైన పట్టరాదు. లోపలికి రెండు వ్రేళ్లు చొప్పించి, వానిని మెల్లగా విప్పి ఎత్తవలెను.

ఇట్టి గొట్టములను శ్రద్ధతో వినిపించు చోట్లు ప్రపంచమున కొన్ని యున్నవి. అమెరికాలో శాంతా బార్బరా నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయము పదివేలకు పైగా గొట్టముల ధ్వనులను ఇంటర్నెట్టు ద్వారా అందరకు వినిపించుచున్నది. అదే రాష్ట్రమున బర్కిలీలోని లారెన్సు ప్రయోగశాలలో కార్ల్ హేబర్ అను భౌతిక శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ముల్లు తాకకుండ వినిపించు ఉపాయము కనుగొనిరి. వెలుగుతో గాడి లోతును కొలిచి, ఆ కొలతలను కంప్యూటరుచే శబ్దముగా మార్చుదురు. ముల్లు మోపుటకు వీలులేని పగిలిన గొట్టములను గూడ ఈ విధముగా వినగలుగుచున్నారు.