ఉత్తరములో మొదటి మాట

మన పెద్దలు ఉత్తరములలో ఘనులకు “మహారాజశ్రీ” అనియు, చిన్నవారికి “చిరంజీవి” అనియు, విధవరాలికి “గంగా భాగీరథీ సమానురాలు” అనియు వ్రాసెడివారు. మొదటి మాటలోనే మనిషి అంతస్తు తెలిసిపోయెడిది.

గ్రీకుల పద్ధతి వేరు. మొదట వ్రాయువాని పేరు, పిమ్మట అందుకొనువాని పేరు, తరువాత “శుభము”. అపొస్తలుల కార్యములు 23:26 చూడుడి. పౌలు ఈ వరుసను విడువలేదు. అయితే శుభమను మాటకు బదులుగా కృపను, యూదులు ఒకరికొకరు చెప్పుకొను సమాధానమును చేర్చెను. దాసుడైన ఒనేసిమును సహోదరునిగా చేర్చుకొనుమని యజమానుడైన ఫిలేమోనుకు వ్రాసినప్పుడును వందనము అదియే.

మేమైతే గత క్రిస్మసు పిలుపు చీట్లలో మోతుబరుల పేర్లకు “గారు” చేర్చి, కూలివారి పేర్లు వట్టిగా వ్రాసితిమి. ఒక వృద్ధురాలు తన చీటిని మనుమరాలిచేత చదివించుకొని వచ్చి, “నా పేరుకాడికి వచ్చేసరికి సిరా అయిపోయిందా, అయ్యగారూ?” అని అడిగెను. మేము తల వంచుకొంటిమి. ఆ రాత్రియే చీట్లన్నియు తిరిగి వ్రాసితిమి.

సహోదరులారా, ఉత్తరమైనను, ఫోనులో పంపు సందేశమైనను, మొదటి మాట వ్రాయకముందు ఒక్క క్షణమాగుడి. ఆ మాటలో మన సహోదరుడు కనబడుచున్నాడా, అతని ఆస్తి కనబడుచున్నదా?