పలక చెప్పే దారి

చిన్న విమానాలు నడిపే పైలట్లు కొందరు ఇప్పుడు టాబ్లెట్‌ను ఒడిలో పెట్టుకొని దారి చూచుకొంటున్నారు. సబ్బవరం మీదుగా విశాఖ వైపు ఎగిరితే, విమానం ఎక్కడున్నదీ తెరమీది పటంలో కనబడుతుంది. ఇంటర్నెట్ అక్కరలేదు, పటాన్ని నేలమీద ఉండగానే దింపుకొంటే చాలు. ఎలాగంటారా?

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతూ తమ స్థానాన్నీ, సమయాన్నీ రేడియో సంకేతాలతో చాటుతుంటాయి. టాబ్లెట్‌లో గ్రాహకం ఉంటే (అన్నింటిలో ఉండదు, చూచి కొనాలి!) అది వాటిని వింటుంది, అంతే, బదులు పలకదు. సంకేతం సెకనుకు 3 లక్షల కి.మీ. వేగంతో వస్తుంది కనుక, పట్టిన కాలాన్ని బట్టి ఉపగ్రహం ఎంత దూరమో తెలుస్తుంది. సెకనులో పదిలక్షలవ వంతు తప్పితే 300 మీటర్ల తేడా! టాబ్లెట్ గడియారం అంత నిక్కచ్చిది కాదు. అందుకని అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, గడియారపు తప్పు – ఈ నాలుగింటికీ నాలుగు ఉపగ్రహాలు, నాలుగు సమీకరణాలు. మీ బీజగణితమే.

ఎత్తు దగ్గరే చిక్కు. గ్రాహకానికి అందే ఉపగ్రహాలన్నీ పైనే ఉంటాయి. కిందివాటిని భూమి అడ్డగిస్తుంది. కనుక ఎత్తులో తప్పు ఎక్కువ. పైగా ఆ ఎత్తును కొద్దిగా నొక్కుకుపోయిన నున్నని ఊహా గోళం నుంచి లెక్కిస్తారు. విశాఖ దగ్గర సముద్రమట్టం దానికన్నా 60 మీటర్లకు పైగా కిందికి ఉంది. సవరించకపోతే బీచిలో నిలుచున్నవాడు అంత లోతున మునిగినట్టే లెక్క! మబ్బుల్లో సింహాచలం, యారాడ కొండలను దాటే పైలట్‌కు ఇది ఆటకాదు. ఎత్తుకు అతడు గాలి పీడనంతో పనిచేసే ఆల్టిమీటర్‌నే చూస్తాడు. ఎండకు కాగి టాబ్లెట్ ఆరిపోతే, కాగితపు పటం, దిక్సూచి దగ్గర ఉంటాయి.