డబ్బాలోని నెగెటివ్‌లను పారేయకండి తల్లీ!

మన ఇళ్లలో బీరువా అడుగునో, అటక మీదో ఓ పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. మూత తీస్తే స్టూడియో కవర్లు, వాటిలో నల్లటి ఫిల్మ్ ముక్కలు. ‘ఇంకెందుకులే’ అనుకుంటాం గానీ పారేయడానికి చేతులు రావు కదూ? రాకపోవడమే మంచిదైంది. గోడ మీది అవ్వ పెళ్లిఫొటో వెలిసిపోయినా, నెగెటివ్ బాగుంటే కొత్త ప్రింటు ఎప్పుడైనా తీయించుకోవచ్చు.

మన కర్నూలు, కడప ఎండలకు అవి తట్టుకుంటాయా అని బెంగా? అటక మీద మాత్రం వద్దు. వేడికీ తేమకీ ఫిల్మ్ పాడై వెనిగర్ వాసన కొడుతుంది. అలాంటి ముక్కల్ని విడిగా పెట్టండి, లేకపోతే పక్కవాటినీ పాడుచేస్తాయి. మిగతావి కాగితం కవర్లలో పెట్టి, ఇంట్లో చల్లటి గదిలో ఉంచండి. అంచులు మాత్రమే పట్టుకోవాలి సుమా! మెరుపు లేని వైపే బొమ్మ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. దుమ్ముంటే కొత్త మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పల్లెల మీద పడ్డప్పుడు ఎన్ని ఆల్బమ్‌లు నీళ్లపాలయ్యాయో! అప్పటి ఫిల్మ్ ముక్కలు అతుక్కుని ఎండిపోయి ఉంటే బలవంతంగా లాగకండి, తెలిసినవాళ్లకు చూపించండి. ఇకమీదట ఎప్పుడైనా తడిస్తే ఎండనివ్వకుండా చల్లటి మంచినీళ్లలో ఉంచి మెల్లగా విడదీయండి. తర్వాత క్లిప్పు తగిలించి నీడలో వేలాడదీయండి.

ప్రింటు మాటకొస్తే, జెరాక్స్ షాపులోని మామూలు స్కానర్ నెగెటివ్‌లకు సరిపోదు. ఫిల్మ్ గుండా వెలుగు పంపే స్కానర్ ఉందా అని స్టూడియోలో అడగండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌కు 2400 డీపీఐ పెట్టిస్తే 5కి 7 అంగుళాల ప్రింటు శుభ్రంగా వస్తుంది. ఎన్ని ముక్కలిచ్చామో రాసుకుని, లెక్కపెట్టి తెచ్చుకోవాలి.

అసలు తొందర ఇక్కడుంది. ఫొటోలో అవ్వ పక్కన నిలబడ్డ ఆ ఓణీ పిల్ల ఎవరో మనకు తెలుసా? పెద్దత్తకు తెలుస్తుంది. స్కాన్ చేసినవి ఫోనులో పెద్దవి చేసి చూపించి, పేరు, ఊరు, ఏ పెళ్లో అడిగి కవరు మీద పెన్సిలుతో రాయండి. ముందు పది బొమ్మలు చాలు, ఈ ఆదివారమే కూర్చుందాం. ప్రింట్లు వచ్చేశాయి కదా అని నెగెటివ్‌లు పారేశారో, నాతో మాట్లాడొద్దు!