దూరపు ఈత

విద్యార్థులారా! నూరు మీటర్ల పరుగు పందెమున జయాపజయములు క్షణములలో తేలిపోవును. ఈతయందును అట్టి పొట్టి పందెములు గలవు. కాని వేకువ మొదలు సాయంకాలము వరకు సముద్రమున సాగెడి ఈత వేరొక విద్య. అందు బలముకంటె నిలుకడ ముఖ్యము. తెలుగు మహిళయగు గోలి శ్యామల జీవితమే ఇందుకు తార్కాణము.

శ్యామలది కాకినాడ జిల్లాలోని సామర్లకోట. హైదరాబాదున నివసించుచు యానిమేషన్ చిత్రములను నిర్మించినది. ఈత నేర్చుకొన్నది నలుబది యేండ్లు దాటిన పిదపనే! పోలీసు ఉన్నతాధికారియు, స్వయముగా సముద్రపు ఈతగాడును అగు రాజీవ్ త్రివేది ఆమెకు శిక్షణ నిచ్చెను. 2021 మార్చి 19వ తేదీన శ్రీలంకలోని తలైమన్నారు వద్ద నీటిలో దిగి, పాక్ జలసంధిని దాటి, మన ధనుష్కోటి తీరము చేరెను. దూరము సుమారు 30 కిలోమీటర్లు. పట్టిన కాలము 13 గంటల 43 నిమిషములు. 2004లో వంగదేశపు బులా చౌదరి ఈ జలసంధిని ఈదియుండెను.

ఈ అంకెలను లెక్కించి చూడుడు. గంటకు రెండు కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. మనము బడికి నడచెడి వేగములో ఇది సగమే! అయినను భివండీ నుండి ఠాణాకు పోయి మరల వచ్చునంత దూరమును ఆమె ఎచ్చటను కాలు మోపక ఈదినది. గొప్పతనము వేగమునందు లేదు, ఆగకపోవుటయందున్నది.

ఇట్టి ఈతలో సాధారణముగా అవలంబించు పద్ధతిని ఫ్రీస్టయిల్ అందురు. బోరగిలి, చేతులను ఒకదాని వెంట నొకటి ముందునకు చాచి, నీటిని వెనుకకు త్రోయవలెను. ముఖము నీటియందుండగా ఊపిరి విడిచి, తల ప్రక్కకు త్రిప్పి పీల్చవలెను. మగ్గముపై నాడె తడబడినచో నేత చెడునట్లు, ఊపిరి తడబడినచో ఈత చెడును. వెంట పడవ వచ్చును గాని దానిని పట్టుకొనరాదు. అందించిన ఆహార పానీయములను నీటిలో నుండియే పుచ్చుకొనవలెను. ఎదురు ప్రవాహము వచ్చెనా, ఎంత ఈదినను తీరము దగ్గర కాదు. కనుక ఆటుపోటుల వేళలను ముందుగనే గణించి బయలుదేరుదురు.

2008 నుండి ఒలింపిక్ క్రీడలలో 10 కిలోమీటర్ల ఈత పందెము జరుగుచున్నది. శ్యామల ఈతయో పందెము కొరకు కాదు. 2024 డిసెంబరు చివర విశాఖపట్నమున ఆరంభించి, దినమునకు కొంత దూరము చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదటి వారమున కాకినాడ తీరము చేరెను. అప్పటికి ఆమె వయస్సు 52 సంవత్సరములు.

తల్లిదండ్రులకు ఒక మాట. పూర్ణ, భివండీ ప్రాంతములందు చెరువులును, కామవారి నదియు గలవు. వేసవిలో పిల్లల మనస్సు నీటివైపు లాగును. "నీళ్ళ దరికి పోవద్దు" అన్న మందలింపు ఒక్కటియే వారిని కాపాడజాలదు. చాటుగా పోయిన పిల్లవానికి ఈత రాకుండుటయే ప్రాణాపాయము. తగిన గురువు కనుసన్నలలో, లోతు తెలిసిన కొలనులో, బాలురకును బాలికలకును ఈత నేర్పింపుడు. నేర్వని వారిని ఒంటరిగా నీటిలో దిగనీయకుడు. మీలో ఈత రాని వారున్నచో సిగ్గుపడ పనిలేదు. శ్యామల నేర్చినది మీ వయస్సుననే.

ప్రశ్నలు
1. శ్యామల పాక్ జలసంధిని ఈదిన సగటు వేగమును గణింపుము.
2. దూరపు ఈతలో ఊపిరి లయ ఏల ముఖ్యము?
3. ఆటుపోటుల వేళలను ముందుగా ఎందుకు తెలిసికొనవలెను?