ప్రశ్నలు - జవాబులు: కంటికి బాగున్న కాగితం చెవికి చేరాలంటే

ప్రశ్న: నందిగామలో మాకు డీటీపీ సెంటరు ఉంది. అర్జీలు, కరపత్రాలు, కోచింగ్ మెటీరియల్ చేస్తాం. మొన్న చూపులేని కుర్రాడొకడు వచ్చి, మేం చేసిన పీడీఎఫ్‌ను తన ఫోను అర్థంకాని ఇంగ్లిష్ ముక్కలుగా చదువుతోందన్నాడు. తెర మీద తెలుగు శుభ్రంగానే కనిపిస్తోంది. లోపం ఎక్కడుందండీ?
- డీటీపీ నిర్వాహకుడు, నందిగామ

జవాబు: ఫోనులో లేదండీ, ఫాంటులో ఉంది. మీరు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసి ఉంటారు. ఆ తరహా ఫాంట్లు వచ్చిన రోజుల్లో కంప్యూటరుకు తెలుగు తెలియదు. అందుకని ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న స్థానాల్లోనే మన గుణింతాల, ఒత్తుల బొమ్మలు కూర్చారు. ప్రింటు తీస్తే అచ్చ తెలుగే. ఫైలు లోపల ఉన్నది మాత్రం ఆ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, లోపలున్న సంకేతాన్ని చదువుతుంది. ఆ కుర్రాడు విన్నది అదే.

దీనికి మందు యూనికోడ్, అంటే ఒక్కో భాష అక్షరాలకు వేరే సంకేతాలిచ్చే పద్ధతి. అందులో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానాలున్నాయి. విండోస్‌తోపాటే నిర్మల ఫాంటు వస్తుంది. సురవరం, రామభద్ర, మండలి ఉచితంగా దొరుకుతాయి. ఈ మండలి మన కృష్ణా జిల్లా నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిందే. పాత మెటీరియల్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. అయితే మార్చాక ప్రూఫు చూడాల్సిందే, ఒత్తులు తారుమారయ్యే ప్రమాదం ఉంది. పరీక్ష రాసే పిల్లాడికి ఒక్క ఒత్తు పోయినా అర్థం మారిపోతుంది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. యూనికోడ్‌లో టైపు చేసినా, పీడీఎఫ్ అయ్యాక తెలుగు అక్షరాల వరస ఒక్కోసారి చెదురుతుంది. కనుక పీడీఎఫ్‌లోంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి చూడండి. అక్కడ తెలుగు సరిగ్గా వస్తే చాలావరకు నిశ్చింత. చెదిరితే వర్డ్ ఫైలు కూడా కలిపి ఇవ్వండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, మీ సెంటరు కంప్యూటర్లోనే వేసుకోవచ్చు. కస్టమరుకు ఫైలు ఇచ్చేముందు ఒక పేజీ మీరే విని చూడండి.

ప్రశ్న: జగ్గయ్యపేటలో సోషల్ పాఠాలు చెబుతాను. నోట్సు చేత్తో రాసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. క్లాసులో ఒక అమ్మాయికి చూపు లేదు. ఆమెకు ఏం చేయాలి?
- ఉపాధ్యాయిని

జవాబు: ఫొటో పెట్టినప్పుడల్లా ఆ అమ్మాయి ఫోను ‘ఫొటో’ అని చెప్పి ఊరుకుంటుంది. మిగతా పిల్లలు చదువుకుంటుంటే ఆమె ఎవరినో బతిమాలుకోవాలి. రోజూ అలా అడగాల్సి రావడం చదువుకునే పిల్లకు ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెబితే టైపవుతుంది. పాఠం ఎలాగూ నోటితో చెప్పేదే కదా, అదే మాట ఫోనుకూ చెప్పి, ఒకసారి దిద్ది పంపండి. అచ్చు పుస్తకం పేజీ అయితే గూగుల్ లెన్స్ అక్షరాలుగా మారుస్తుంది. చేతిరాత దగ్గర దాన్ని నమ్మకండి.

పెద్ద నోట్సు వర్డ్‌లో చేస్తే, పాఠం పేరును లావు అక్షరాల్లో పెట్టి వదిలేయకుండా స్టైల్స్‌లోని హెడింగ్ 1, ఉపశీర్షికలకు హెడింగ్ 2 పెట్టండి. ఎన్‌వీడీఏలో శీర్షిక నుంచి శీర్షికకు దూకడానికి హెచ్ కీ ఉంది. శీర్షికలు గుర్తించని ముప్పై పేజీల నోట్సులో కావలసిన చోటు దొరకాలంటే మొదటి నుంచీ వినుకుంటూ రావాలి. పటాలకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులు వినిపించే వివరణ, రాయండి. ‘కృష్ణానది పటం’ అంటే సరిపోదు. మహాబలేశ్వర్ దగ్గర పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మీదుగా ప్రవహించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని రాయండి. పాఠానికి ఆ పటంలో ఏది ముఖ్యమో అదే చెప్పండి, రంగుల వర్ణన అక్కర్లేదు.

ప్రశ్న: గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. సంతకం ఉండాలి కాబట్టి లబ్ధిదారుల జాబితాలు స్కాన్ చేసే పెడతాం. ఇది తప్పా?
- ఒక ఉద్యోగి, నందిగామ డివిజన్

జవాబు: సంతకం ఉన్న స్కాన్ పెట్టండి. దాని పక్కనే, మీ కంప్యూటరులో టైపు చేసిన అసలు ఫైలూ పెట్టండి. అదనపు పని అంతే. పట్టికను స్పేస్‌బార్‌తో జరపకుండా ఇన్సర్ట్ టేబుల్‌తో చేయండి, గడులు కలపకండి, పై వరుసను హెడర్‌గా గుర్తించండి. అప్పుడు వినేవారికి ‘సర్వే నంబరు’, ‘విస్తీర్ణం’ అని గడి పేరుతో సహా తెలుస్తుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్‌కు వెళ్లకుండా సేవ్ యాజ్ వాడండి, మీరు పెట్టిన శీర్షికలు నిలుస్తాయి.

చట్టం సంగతికొస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలే, వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తక రూపం గానీ, అక్షరాలు గుర్తించిన పీడీఎఫ్ గానీ కావాలన్నాయి. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో చెప్పింది. ఆ పిటిషనర్లలో చూపులేని న్యాయవాది అమర్ జైన్ ఒకరు. మీ పై అధికారి అడిగితే ఈ రెండు తేదీలూ చూపించండి. ఈ వారం పెట్టబోయే జాబితాతోనే మొదలుపెట్టండి, పాతవాటిని ఎవరైనా అడిగినప్పుడు మార్చి ఇవ్వవచ్చు.